ముందస్తు పరామర్శ

సదానందం అన్నకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఇంకా జరగని కష్టానికి ముందే వచ్చి పరామర్శించి పోతాడు.

మనిషి పోయాక పలకరించడానికి వెళ్ళేవాళ్ళు ఊరూరా ఉంటారు. మనిషికి తుమ్ము రాగానే వచ్చి, మంచం అంచున కూర్చుని, భుజం మీద చెయ్యేసి, పెద్ద నిట్టూర్పు విడిచి "ధైర్యంగుండు తమ్మీ" అనేవాణ్ణి మాత్రం నేను సౌదీలో, ఈ బురైదాలోనే చూశాను. ఇలాంటి మనిషికి సదానందం అని పేరు పెట్టిన వాళ్ళమ్మ ముత్యవ్వకు దండం పెట్టాలి. ఆ మాట ఆయనతోనే అన్నాను ఒకసారి. "మా అవ్వ తప్పు లేదు. పేరు పెట్టేనాటికి నేను ఇంకా లోకం సూడలే" అన్నాడు.

మాది నిర్మల్ దగ్గర పల్లె, ఆయనది జగిత్యాల వైపు. బురైదాలో ఒక ఆసుపత్రికి మెయింటెనెన్స్ చేసే కంపెనీలో నాది ఏసీల పని, ఆయనది నల్లాల పని. క్యాంపులో ఒకటే గది. నేను దిగిన రోజు సంచి ఇంకా కింద పెట్టనేలేదు, ఎదురొచ్చాడు.

"కొత్తనా?"

"అవునన్నా. బుచ్చన్న నా పేరు."

భుజం మీద చెయ్యి పడింది. "ధైర్యంగుండు."

"ఏమైందన్నా?"

"ఇంకా ఏం కాలే. అయితది."

చెప్పి, తన చేత్తోనే చాయ్ కలిపి తెచ్చి ఇచ్చాడు. ఆ చాయ్ నాకు గొంతు దిగలేదు.

అరబ్బీలో ఆయనకు నచ్చిన మాట 'ఖలాస్'. అయిపోయింది అని అర్థం. సూపర్‌వైజర్ వచ్చి "నల్లా పని?" అని అడిగితే "ఖలాస్" అనేవాడు. పని అయిపోయిందనుకుని సూపర్‌వైజర్ సంతోషంగా వెళ్ళిపోయేవాడు. ఈయన చెప్పింది నల్లా అయిపోయిందని. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని, దాన్ని తిట్టుకుంటూ, బాగుచేసేవాడు.

హైదరాబాదీ డ్రైవర్ ఫారూఖ్‌కు కంపెనీ కొత్త బండి ఇచ్చింది. మా వాడు నాలుగు టైర్లనూ వేర్వేరుగా చూసి నాలుగు సార్లు పరామర్శించాడు. ఫారూఖ్ చేతులు జోడించి, "సదా భాయ్, స్టెప్నీని మాత్రం వదిలెయ్యి, అది ఇంకా రోడ్డు కూడా చూడలేదు" అని బతిమాలుకున్నాడు. మా గదిలోని లక్ష్మణ్‌కు మూడేళ్ళ తర్వాత సెలవు దొరికిందని గదంతా సంబరపడుతుంటే, ఈయన వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు. "విమానం ఎళ్తదో ఎళ్ళదో. ఎళ్ళినా ఇంటికాడ నీ బిడ్డ నిన్ను గుర్తువట్టది. ధైర్యంగుండు." లక్ష్మణ్ దిండు తీసుకుని విసిరాడు. ఈయన దిండును జాగ్రత్తగా తిరిగి వాడి మంచం మీద పెట్టి, "ఇది గూడ ఎన్ని దినాలుంటదో" అన్నాడు.

అట్లాంటి మనిషి ముందు నేను తీపి పంచాను. బుద్ధి లేక.

మా సరళ ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నర్సింగ్ చదువుతానంది. నా బిడ్డ తెల్ల డ్రెస్సులో కళ్ళ ముందు తిరుగుతుంటే, ఖర్జూరం హల్వా తెచ్చి అందరికీ పెట్టాను. సదానందం అన్న హల్వా నోట్లో వేసుకుని నా మంచం మీదకు చేరాడు. చెయ్యి భుజం మీదకు వస్తుంటే పక్కకు జరిగాను. చెయ్యి కూడా జరిగింది.

"నర్సింగా తమ్మీ? ఏ నర్సింగు?"

"నర్సింగ్ అంటే నర్సింగే గదన్నా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "అయ్యో. ఇగ నీకు అదిగూడ ఎరుక లేదు."

తొమ్మిదేళ్ళుగా ఆసుపత్రి సింకుల కింద పడుకుని పనిచేసే మనిషి. పైన నర్సులు మాట్లాడుకునేదంతా ఆయన చెవిలో పడేది. వేళ్ళు మడిచి మొదలుపెట్టాడు.

"ఏఎన్ఎం ఉన్నది. రెండేండ్లు. ఊరి దవాఖానల సూదులేసుకుంట ఉంటది. ఇటుదిక్కు వస్తనంటే రానియ్యరు. ఖలాస్. జీఎన్ఎం ఉన్నది. మూడేండ్లు. అది అయినంక శానా దేశాలు డిగ్రీ ఏది అంటయి. మల్ల రెండేండ్లు చదవాలె. ఖలాస్. బీఎస్సీ ఉన్నది. నాలుగేండ్లు. దానికి ఎంట్రన్సు రాయాలె, ర్యాంకు రావాలె, సీటు దొరకాలె. దొరకది. ఖలాస్."

"మరి ఏం చదివియ్యాల్నే?"

"ఏదన్న చదివియ్యి. పరామర్శకు నేనస్త."

నాకు ఒళ్ళు మండింది. "నీకంటే మా ఊరికొచ్చే ఏజెంటు నయమన్నా. వేరే రాష్ట్రంల కాలేజీ, ఎంట్రన్సు లేదు, బీఎస్సీ సీటు తయారుగున్నది, చదువు కాంగనే గల్ఫ్‌ల ఉద్యోగం ఖాయమన్నడు. గురువారంలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే అయిపాయె."

"ఒరిజినల్లా?"

"అవును."

"ఆ కాలేజీ పేరేంది?"

చెప్పాను. ఆయన పాత ఖుబ్బూస్ రొట్టెల కవరు చింపి దాని మీద రాసుకున్నాడు. భుజం తట్టలేదు, నిట్టూర్చలేదు, లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగు రోజులు ఆయన ఎవరినీ పరామర్శించలేదు. మధ్యాహ్నం అన్నానికి కూడా కనబడలేదు. లక్ష్మణ్ కడుపునొప్పని మూలిగినా పలకలేదు. గదంతా దిగులు పట్టుకుంది.

గురువారం పొద్దున ఆడవాళ్ళ వార్డులో ఏసీ చెడిపోయిందంటే నిచ్చెన వేసుకుని ఎక్కాను. కింద నర్సు ఆస్మా నిలబడి ఉంది. కడప పిల్ల. ఆ వార్డులో తెలుగు తెలిసిన నర్సు ఆమె ఒక్కతే.

"అన్నా, సదానందం అన్న మీ రూమే కదా? ఆయప్పకు ఏమన్నా అయిందా?"

"ఏం చేసిండు సిస్టర్?"

"సోమవారం నుంచి అన్నం టైముకొచ్చి ఒక్కొక్క నర్సునే పట్టుకొని అడుగుతాండాడు, 'సిస్టర్, మీ చదువుల ఏమేం చెడిపోయింది?' అని. కేరళ సిస్టర్లను హిందీలో అడిగినాడు. ఫిలిప్పీన్స్ సిస్టర్‌కు హిందీ రాదు కదా, పుస్తకం చూపించి, గొంతు కోసుకున్నట్టు చెయ్యి తిప్పి చూపించినాడంట. ఆమె కేక పెట్టి సెక్యూరిటీని పిలిచింది. నిన్న వార్నింగ్ లెటర్ ఇచ్చినారు."

సిగ్గుతో నిచ్చెన మీద చెమటలు పట్టాయి. "ఏమనుకోకుండ్రి సిస్టర్. ఆయన తీరే అంత."

ఆస్మా నవ్వలేదు. "యాడికిపోయినా డ్యూటీ ఎన్ని గంటలు, సెలవులెన్ని అని అడుగుతారన్నా. ఏం చెడిపోయింది అని ఇన్నేండ్లలో ఎవరూ అడగలేదు. నేను ఫస్టు చేరిన కాలేజీకి గుర్తింపు లేదని రెండేండ్లు చదివినాక తెలిసింది. ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలోనే. అవి తెచ్చుకోడానికి మా అబ్బా ఆరు నెలలు తిరిగినాడు. మళ్ళీ మొదట్నుంచి జీఎన్ఎం, దాని మీద డిగ్రీ. అదంతా సదానందం అన్నకు చెప్పినాను. వింటా వింటా ఆయనే ఏడ్చినాడు."

అంతలో నిచ్చెన ఊగింది. కింద సదానందం అన్న రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. వార్నింగ్ ఇచ్చిన వార్డుకే మళ్ళీ వచ్చాడు.

"బుచ్చన్నా, దిగు. దిగినంక చెప్త."

దిగాను. పరామర్శ వస్తుందని భుజం సిద్ధం చేసుకున్నాను. రాలేదు.

"ఇంటికి ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

"ఆ కాలేజీ పేరు నర్సింగ్ కౌన్సిల్ లిస్టులో లేదన్నా" అంది ఆస్మా. "పొద్దున ఆయన చీటీ ఇస్తే రెండుసార్లు వెతికినాను. రిజిస్ట్రేషన్ దొరకదు. అది లేకపోతే నాలుగేండ్లు చదివినా నర్సు కాదు."

మూడుసార్లు ఎత్తలేదు, నాలుగోసారి సరళ ఎత్తింది. ఆటోల మోత వినబడుతోంది.

"బాపూ, ఏజెంటు ఆఫీసుకాడ ఉన్నం."

"సర్టిఫికెట్లు ఇయ్యకు బిడ్డా!"

"ఏంది బాపూ? అవి అమ్మ చేతుల ఉన్నయి. అమ్మ లోపట సంతకం పెడుతున్నది."

సదానందం అన్న ఫోన్ లాక్కున్నాడు. "బిడ్డా, ఉరుకు! అడిగేదేం లేదు, కవరు గుంజుకోని బయటికి రా!"

వార్డంతా మా వైపు తిరిగింది. ఫోన్‌లో చెప్పుల చప్పుడు, మా ఇంటిది సీతాబాయి "ఏమైందే? ఏమైందే?" అని అరుపు, ఎవరో కుర్చీ జరిపిన శబ్దం. తర్వాత సరళ ఎగశ్వాసతో, "తెచ్చిన" అంది.

ఇక్కడితో నేను సంతోషపడాలి. కానీ ఎంట్రన్సు తేదీ దాటిపోయింది. ఏజెంటు మాట నమ్మి సరళ దరఖాస్తే పెట్టలేదు. స్నేహితులంతా ఏదో ఒక కాలేజీలో చేరారు. నా బిడ్డ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంది. పది రోజులు నాతో మాట్లాడలేదు. "నీ రూమాయన మాటలకు పిల్లకు ఏడాది పాయె" అంది సీతాబాయి. ఆ కోపం తెచ్చి ఆయన మీద పోశాను.

"నీవల్ల నా బిడ్డకు ఏడాది పాయెనే!"

"పాయె" అన్నాడు.

"అది ఏడుస్తున్నదే!"

"ఏడుస్తది. ఇంకా ఏడుస్తది."

అన్నింటికీ అవునంటుంటే కొట్లాట ఎట్లా నడుస్తుంది? ఆ రోజు ఇద్దరం తిండి లేకుండా ఎదురెదురు మంచాల మీద కూర్చున్నాం.

శుక్రవారం ఆస్మాకు సెలవు. తనే సరళకు వీడియో కాల్ చేసి, మమ్మల్ని కూడా కలిపింది. ఉన్న దారులు రెండే అని చెప్పింది. ఇంటర్ మార్కుల మీద ఈ ఏడే జీఎన్ఎంలో చేరడం, లేదా ఏడాది ఆగి ఎంట్రన్సు రాసి బీఎస్సీకి పోవడం. చేరే ముందు కాలేజీ పేరు లిస్టులో సరళే స్వయంగా చూసుకోవాలని మూడుసార్లు చెప్పింది. సరళ ముఖం వాచి ఉంది.

సదానందం అన్న గొంతు సవరించుకున్నాడు. నేను కాలు తొక్కాను. లాభం లేదు.

"బిడ్డా, ధైర్యంగుండు. ఏది చదివినా కష్టమే. మొదటిసారి రక్తం సూసి కండ్లు తిరుగుతయి. హాస్టల్ల కూర ఉడకది. పేషెంటు తిడుతడు, డాక్టరు తిడుతడు, పేషెంటు సుట్టాలు గూడ తిడుతరు. నిలవడి నిలవడి కాళ్ళు వాస్తయి."

సరళ కళ్ళు తుడుచుకుంది. "పెద్దబాపూ, అన్నీ ఇట్లనే ఉంటే, మరి నర్సులు ఎట్లున్నరు?"

ఆయన ఆస్మా వైపు చూశాడు. "అదే నాకూ సమజైతలేదు బిడ్డా. ఇరవై ఆరుమందిని అడిగిన. ఇన్నీ అయినా పొద్దుగాల ఏడు కొట్టేసరికి డ్యూటీకి వస్తరు."

పది రోజుల తర్వాత సరళ మొదటిసారి నవ్వింది. "ఏడాది ఆగుత. బీఎస్సీ రాస్త" అంది. నిర్ణయం నాది కాదు, ఏజెంటుది కాదు, దానిదే. ఏడాదంతా చదివింది. ర్యాంకు వచ్చింది, లిస్టులో ఉన్న కాలేజీలో సీటు వచ్చింది. ఫలితం చెప్పగానే సదానందం అన్న వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఈసారి పక్కకు జరగలేదు.

సరళ ఇప్పుడు రెండో ఏడు. నేను ఎప్పుడు ఫోన్ చేసినా "బాగున్న బాపూ" అంటుంది. తిన్నావా అంటే తిన్న, చదువు ఎట్లుందంటే మంచిగున్నది. కష్టమన్నదే లేని చదువు దొరికిందని నేను గదిలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

పోయిన శుక్రవారం నమాజు టైములో బట్టలు ఆరేద్దామని క్యాంపు డాబా ఎక్కాను. నీళ్ళ ట్యాంకు నీడలో సదానందం అన్న కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. స్పీకర్‌లో ఆడపిల్ల ఏడుస్తోంది. అది నా బిడ్డ గొంతు.

"వార్డుల ఒక అవ్వకు రోజూ జుట్టు దువ్వెటిదాన్ని పెద్దబాపూ. పొద్దున పోయేసరికి మంచం ఖాళీ. అవ్వ లేదు."

"ఉండది బిడ్డా. ఇంకా శానామంది పోతరు."

"నాతోని కాదు ఈ పని."

"కాదు. ఇయ్యాల కాదు. ఏడ్వు, నేను ఈడనే ఉన్న."

అది ఏడ్చింది. ఆయన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కొంతసేపటికి సరళ ముక్కు చీది అంది. "బాపుతోని చెప్తే భయపడుతడు, చదువు బంద్ చెయ్యమంటడు. అమ్మ ధైర్యం చెప్తది. అందరు ధైర్యమే చెప్తరు. అందుకే బాగున్న అంట."

"నా దగ్గర నువ్వు బాగుండ పనిలేదు బిడ్డా" అన్నాడు సదానందం అన్న.

నా చేతిలోని బకెట్టు గోడకు తగిలి మోగింది. ఆయన ఉలిక్కిపడి, దొంగలా చూశాడు. "శుక్రవారం శుక్రవారం చేస్తది. కాలేజీల చేరినప్పటినుంచి. నీకు చెప్పొద్దన్నది" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"బిడ్డా... ఎట్లున్నవ్?"

అప్పటిదాకా ఏడ్చిన గొంతు గంటలా మోగింది. "బాగున్న బాపూ! తిన్నవా?"

"తిన్న."

"బాపూ, ఏమనుకోకు. ఫోన్ పెద్దబాపుకియ్యవా? వచ్చేవారం నన్ను ఆపరేషన్ థియేటర్ల ఏస్తున్నరు. అండ్ల ఏమేం చెడిపోతదో ఆయన ఇంకా సగమే చెప్పిండు."