పికప్‌కు ఒకటే అర్థం

ఇంగ్లీషులో పికప్ అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలియదు. ఈ సంగతి ఎనిమిదేళ్ళు దాచాను. దాచినవాడు ఎవరో కాదు, మార్కాపురంలో మేడ మీద రెండు గదుల్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పిన మాస్టారు. మెట్ల దగ్గర బోర్డు మీద టై కట్టుకున్న నా ఫోటో ఉండేది. టై ఫోటో స్టూడియో వాళ్ళది.

నా పద్ధతి ఒకటే. ఇలాంటి మాటలు నూటయాభై ఏరి, ఒక్కోదానికి ఒక్కో అర్థం రాసి, జిరాక్స్ తీసి పంచేవాణ్ణి. పికప్ అంటే ఎత్తుట. గివప్ అంటే మానుట. పొద్దున బ్యాచ్ మొత్తం ఎక్కాల్లా గొంతెత్తి చదివేది. కింద టీ తాగేవాళ్ళకు కూడా సగం వచ్చేసి ఉంటుంది. రెండో అర్థం చెబితే తికమకపడతారని అందరితో అనేవాణ్ణి. అసలు కారణం, నా దగ్గరున్న గైడులో రెండో అర్థం లేదు.

ఒక ఏడాది పొద్దున బ్యాచ్‌లో, పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఒకామె ఉండేది. ముప్పై దాటిన మనిషి. విదేశీ బేరగాళ్ళ ఉత్తరాలు చూడటానికి ఆఫీసులో మనిషి కావాలని, ఇంగ్లీషు నేర్చుకుంటే ఆ ఉద్యోగం ఆమెకే ఇస్తానని యజమాని అన్నాడట. ఆ పలకల దుమ్ములోంచి బయటపడటానికే నా మెట్లెక్కింది.

ఒకరోజు అందరూ వల్లె వేస్తుంటే లేచి, పికప్ అంటే పుంజుకోవడం అని కూడా ఉంది కదా సార్ అని అడిగింది. ఆర్డర్లు పికప్ అయ్యాయని ఫ్యాక్టరీకొచ్చిన ఉత్తరంలో చూసిందట. నిజానికి ఊరంతా అదే అంటుంది. బేరాలు పికప్ అయినాయంటాడు బట్టల దుకాణం ఆయన. గిద్దలూరు దాటి ఘాటెక్కే లారీ డ్రైవరు బండికి పికప్ లేదంటాడు. తెలియనిది ఇంగ్లీషు మాస్టారొక్కడికే.

తెలియదనడానికి నోరు రాలేదు.

“పికప్ అంటే ఎత్తడమేనమ్మా. నువ్వు రోజూ పలకలు ఎత్తుతావు గదా, అదే. దానికి ఇంగ్లీషెందుకు నీకు?”

క్లాసంతా నవ్వింది. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం పెద్ద డిక్షనరీ తెరిస్తే ఆ మాటకు పేజీ నిండా అర్థాలున్నాయి. ఆమె చెప్పింది మూడోది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆమె రాలేదు, నాకు ప్రాణం కుదుటపడింది. ఇంగ్లీషు తన తలకెక్కదని, ఆ ఉద్యోగం వద్దని ఆమె యజమానితో చెప్పిందట. నూటయాభై మాటలూ గడగడ అప్పజెప్పిన మా డిగ్రీ విద్యార్థికి అది దక్కింది. సంగతంతా తెలిసే అతని ఫోటో కూడా బోర్డు మీదకు ఎక్కించాను.

ఇప్పుడందరూ ఫోన్లోనే నేర్చుకుంటున్నారు. నా గదులు ఖాళీ అయ్యాయి. పరువు పోతుందన్న భయం తీరడానికి ఆ పరువే పోవలసి వచ్చింది. మొన్న అన్నం వేళకు ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆమె రేకుల షెడ్డులో ఆడవాళ్ళతో కూర్చుని తింటోంది. ఇప్పటికీ ప్యాకింగే.

“ఏంది సార్, ఈడ గూడా బ్యాచ్ పెడతారా?” అంది. ఆడవాళ్ళు నవ్వారు.

పక్కకు పిలిచి చెబుదామని వెళ్ళినవాణ్ణి. కానీ ఆనాడు అన్నది పదిమందిలో. అందుకే అక్కడే నిలబడ్డాను.

“ఆ రోజు నువ్వు చెప్పిందే రైటమ్మా. నాకు తెలియక నిన్ను ఎగతాళి చేసినా. ఆ మధ్యాహ్నమే డిక్షనరీ చూసినా, తెలిసి గూడా నీకు చెప్పలేదు. నీకు రావాల్సిన ఉద్యోగం నా వల్ల పోయింది. తప్పు నాది. నన్ను క్షమించు తల్లీ.”