ఎల్వుడ్ ప్రూయిట్ ఒప్పుకోడు

ఎల్వుడ్ ప్రూయిట్‌ది ఒకటే గుణం. ఎదుటివాడు ఏమన్నా కాదంటాడు. ఎండగా ఉందంటే మబ్బు పట్టిందంటాడు. సరే మబ్బేనని ఒప్పుకుని గొడుగు తీస్తే, ఈ ఎండలో గొడుగేమిటని నవ్వుతాడు. పెళ్లిలో పాస్టర్ "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని అడిగితే "ఆ ప్రశ్నకి రెండు వైపులున్నాయి" అన్నాడట. పెళ్లికూతురు ఫ్లోరా మేలిముసుగు పైకెత్తి "అయితే వద్దులే" అంది. ఆ మాటతో వెంటనే స్వీకరించాడు. కాపురమంతా ఆవిడ ఆ సూత్రం మీదే నడుపుకొస్తోంది.

అతను ఇళ్లలో హీటర్లు బాగుచేసేవాడు. ఇంటావిడ "హీటర్ పాడయింది" అంటే "లేదమ్మా, నిక్షేపంలా ఉంది" అనేవాడు. ఆ తర్వాత తన మాటే నిజమని నిరూపించడానికి మధ్యాహ్నం దాకా కూర్చుని దాన్ని నిక్షేపంలా చేసేవాడు. టొలీడో ఊళ్లో అంత మంచి పనివాడు ఇంకొకడు లేడని పేరు.

డాక్టర్ ఒకరోజు "మీ కిడ్నీలు పనిచేయడం లేదు" అన్నాడు. "అది మీ అభిప్రాయం" అన్నాడు ఎల్వుడ్. ఈ ఒక్క విషయంలో మాత్రం అతని కిడ్నీలు డాక్టర్ పక్షం వహించాయి.

అలా వచ్చిపడ్డాడు డెనీస్ కోవాచ్ హెడ్ నర్సుగా ఉన్న డయాలసిస్ కేంద్రానికి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న బ్యాచ్. ప్రతిసారీ బయల్దేరే ముందు ఫ్లోరా "ఇవాళ వెళ్లకపోతేనేం" అంటుంది. అతను కోటు వేసుకుంటాడు.

అక్కడి పద్ధతి తెలిసిందే. చేతికి సూదులు గుచ్చి, పడక కుర్చీలో పడుకోబెట్టి, యంత్రానికి తగిలించి నాలుగు గంటలు వదిలేస్తారు. అందులో ఉన్న సౌకర్యాన్ని ఎల్వుడ్ తప్ప ఎవరూ గమనించలేదు. ఆ గదిలో ఎవరికెంత కోపం వచ్చినా లేచి వెళ్లిపోవడానికి వీల్లేదు.

డెనీస్ బెంగంతా హోరెస్ గ్యాడ్సన్ గురించి. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయి ఏడాది కాలేదు. చేరిన కొత్తలోనే డెనీస్‌తో చెప్పేశాడు. "ఈ కుర్చీలో కూర్చోవడం, ఇంటికెళ్లి మళ్లీ ఈ కుర్చీ కోసం కూర్చోవడం. ఇదేం బతుకు? నేనింక రాను." రాకపోతే ఏమవుతుందో ఆమె చెప్పనక్కర్లేదు, అతనికి తెలుసు. చెప్పినట్టే అప్పుడప్పుడు మానేయడం మొదలుపెట్టాడు. కేంద్రంవాళ్లు తమ ధర్మం నెరవేర్చారు. కౌన్సెలర్ వచ్చి చెయ్యి పట్టుకుంది. చర్చి నుంచి ఒకాయన వచ్చి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. సూర్యోదయం బొమ్మ కింద "ప్రతి ఉదయం ఒక కానుక" అని రాసిన అట్ట గోడకి తగిలించారు. హోరెస్ దాన్ని కాసేపు చూసి, రసీదుంటే ఇవ్వండి, కొట్లో తిరిగిచ్చేసి వస్తానన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎల్వుడ్ తన కిటికీ లోంచి చలిగాలి కొడుతోందని పేచీ పెట్టి హోరెస్ పక్క కుర్చీకి మారాడు. ఆ కిటికీ అసలు తెరుచుకునే రకం కాదు.

అప్పుడే టల్లీ గొడవ వచ్చింది. జెవాన్ టల్లీ అంటే టొలీడో గ్లాస్‌మెన్ బాస్కెట్‌బాల్ జట్టుకి వెన్నెముక. అతను లేకపోతే తక్కినవాళ్లు పొడుగాటి బట్టలు ఆరేసినట్టు నిలబడి ఉంటారు. ఆ టల్లీ పత్రికలవాళ్లని పిలిచి తన మనసు ఈ ఊళ్లో లేదని చెప్పాడు. కారణం అడిగితే, తన కుక్కకి ఇక్కడి మంచు సరిపడటం లేదన్నాడు. అదే సాయంత్రం మనసు లేకుండానే నలభై పాయింట్లు కొట్టాడు. ఊరు రెండుగా చీలింది. అతన్ని వేరే జట్టుకి ఇచ్చేయాలనేవాళ్లు, ఉంచుకోవాలనేవాళ్లు. చర్చిలో వరసలు మారాయి. ఒక దంతవైద్యుడు రోగి ఏ పక్షమో కనుక్కున్నాక గానీ మత్తు ఇవ్వడం లేదని పుకారు.

"ఇచ్చేయాల్సిందే" అన్నాడు హోరెస్ ఆ సోమవారం, టీవీ చూస్తూ. అతనంతట అతను నోరు విప్పడం అదే మొదలు. "మనసు లేనివాణ్ణి కట్టేసుకుని ఏం బావుకుంటాం? ఫ్లోరిడా జట్టువాళ్లు బదులుగా ముగ్గురు ఆటగాళ్లనిస్తామంటున్నారు. పైగా రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే హక్కులు కూడా."

"గుర్రాన్నిచ్చి మూడు కోళ్లు తెచ్చుకుంటావా?" అన్నాడు ఎల్వుడ్.

"హక్కులు కూడా ఇస్తారంటున్నానా."

"అంటే గుడ్లు. ఇంకా పెట్టని గుడ్లు."

హోరెస్ ఆ గుడ్లని మంగళవారమంతా మనసులో పొదిగాడు. బుధవారం వస్తూనే, "ఆలోచించానయ్యా. నువ్వన్నదే సబబు. టల్లీని ఉంచుకుందాం" అన్నాడు.

"దేనికి?" అన్నాడు ఎల్వుడ్. "కుక్కే ఉండలేని ఊళ్లో మనిషి ఉంటాడా? ఇచ్చేయాలి."

"మొన్న గుర్రమన్నావు."

"గుర్రమే. గుర్రం గుడ్డు పెట్టగా ఎప్పుడైనా చూశావా?"

హోరెస్ మొహం కందిపోయింది. రక్తపోటు ఎక్కి అతని యంత్రం కీచుమంది. "డెనీస్, ఈ సూదులు పీకెయ్. నేను పోతాను."

"ఇంకా రెండు గంటలుంది, హోరెస్ గారూ."

"అయితే వాడివి పీకెయ్."

ఎదురు కుర్చీలో వెర్లీన్ అనే పెద్దావిడ ముక్కుదాకా దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఆవిడ దుప్పట్లోంచే, "వీళ్లిద్దర్నీ కలిపి ఇస్తామంటే ఫ్లోరిడావాళ్లు ఏమిస్తారో కనుక్కో తల్లీ. కోళ్లయినా ఫర్వాలేదు" అంది.

ఎల్వుడ్‌లో ఇంకో చెడ్డ అలవాటుంది. తన పదునైన మాట చివరిదాకా దాచుకుంటాడు. హోరెస్‌కి సూదులు తీసి, ప్లాస్టర్ వేసి, ఇంటికి దింపే వ్యాన్ డ్రైవర్ గుమ్మంలో నిలబడ్డాక, అప్పుడు విసురుతాడు. "పోనీ, టల్లీ వెళ్లిపోతే ఆఖరి నిమిషంలో బంతి ఎవరి చేతికిస్తావో చెప్పు." హోరెస్ నోరు తెరిచేలోగా, నీరసపడ్డ అతన్ని కూర్చోబెట్టిన చక్రాల కుర్చీని డ్రైవర్ బయటికి తిప్పేస్తాడు. "శుక్రవారం చెబుదువుగాన్లే" అంటాడు ఎల్వుడ్. హోరెస్ వ్యాన్ ఎక్కేదాకా తిడుతూనే ఉండేవాడు. శుక్రవారం డ్రైవర్ హారన్ కొట్టకముందే తన ఇంటి మెట్ల మీద సిద్ధంగా నిలబడి ఉండేవాడు.

డెనీస్‌కి కనపడింది మాత్రం రక్తపోటు. హోరెస్‌ది ఎక్కేది, అతనికి అడ్డుపడబోయిన వెర్లీన్‌ది ఎక్కేది, వ్యాన్ డ్రైవర్‌ది కూడా ఎక్కుతోందేమోనని ఆమెకి అనుమానం. ఒకనాడు మూడు యంత్రాలు ఒకేసారి కీచుమన్నాయి. ఆమె గది మధ్యలో నిలబడి, "ఇకమీదట ఇక్కడ టల్లీ పేరు వినపడకూడదు. కుక్క మాట కూడా ఎత్తకూడదు" అంది.

"ఎత్తుతాం" అన్నాడు ఎల్వుడ్.

"మిమ్మల్ని మళ్లీ కిటికీ దగ్గరికి మార్చేస్తాను."

ఎల్వుడ్ నోరు మూసుకున్నాడు. అది చూసి వెర్లీన్ దుప్పటి గడ్డందాకా దించింది. ఎంతో ప్రశాంతంగా గడిచింది ఆ పూట. రక్తపోట్లన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టున్నాయి. గోడమీద సూర్యోదయం తన విజయం చూసుకుని మెరిసింది.

తర్వాతి సోమవారం హోరెస్ కుర్చీ ఖాళీగా ఉంది.

డెనీస్ ఫోన్ చేసింది. "ఒంట్లో బానే ఉందమ్మా. ఓపిక లేదు" అని పెట్టేశాడు. ఆమె మళ్లీ చేయబోయింది.

"ఇటు తే" అన్నాడు ఎల్వుడ్, సూదులు లేని చెయ్యి చాపి. నంబరు కొట్టాడు. "హోరెస్, నేను, ఎల్వుడ్‌ని. నువ్వు రాకపోవడం ఎంత మంచిదయిందో. ఇక్కడ టల్లీ మీద ఓటింగ్ పెట్టాం. నువ్వు లేవు కాబట్టి ఏకగ్రీవం... ఏ పక్షమా? నీది కాని పక్షం... వెర్లీన్ కూడా అటే వేసింది."

"నేనెప్పుడు వేశాను?" అంది వెర్లీన్.

"ఇప్పుడే. హోరెస్, లెక్కింపు అయిపోవస్తోంది. వద్దొద్దు, నువ్వు రాకు. మంచు పడుతోంది, కుక్కలే బయటికి రావడం లేదు. రావద్దంటుంటే నీక్కాదూ."

అరగంటలో హోరెస్ దిగాడు. పైజామా మీద కోటు, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. "ఎవడు పెట్టాడు ఓటింగ్? బస్సు యూనియన్‌లో ఇరవై ఏళ్లున్నాను నేను. కోరం ఉందా? అభ్యంతరాలు అడిగారా?" అని అరుస్తూనే కుర్చీలో కూలబడ్డాడు. అతను కోరం గురించి వివరిస్తుండగా డెనీస్ సూదులు గుచ్చేసింది. అతను గమనించను కూడా లేదు. నిషేధం ఎత్తేసినట్టు ఎవరూ ప్రకటించలేదు.

హోరెస్ అరిచి అరిచి నిద్రపోయాక డెనీస్ స్టూలు లాక్కుని ఎల్వుడ్ పక్కన కూర్చుంది. "నిజం చెప్పండి. ఇంతకీ టల్లీని ఇచ్చేయాలంటారా, వద్దంటారా?"

ఎల్వుడ్ హోరెస్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, టల్లీ అంటే ఆ పొడుగాటివాడేనా?"

"అందరూ పొడుగే కదండీ."

"అదే నాకూ తికమకగా ఉంటుంది. నేను జన్మలో ఒక్క ఆటన్నా చూడలేదు. నాకు బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగంటే ఇష్టం. అందులో బంతి ఒక్కసారి వదిలితే మళ్లీ మొహం మీదికి రాదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా వాదించారు?"

"హోరెస్ చెబుతాడుగా. అది కాదంటాను. దానికి ఆట తెలియాలా ఏమిటి? తెలిస్తే ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాల్సొస్తుంది." మళ్లీ పక్క కుర్చీ వైపు చూశాడు. "హోరెస్‌కి చెప్పకు. తను ఓడిపోతున్నది ఎవరి చేతిలోనో తెలిస్తే మళ్లీ మొహం చూపించడు."

చెప్పనంది డెనీస్.

కొన్ని వారాలకి, ఒక శుక్రవారం, ఎల్వుడ్ గురక పెడుతుండగా టీవీలో వార్త వచ్చింది. టల్లీని ఫ్లోరిడావాళ్లకి ఇచ్చేశారు. సముద్రం ఒడ్డున కుక్క పరిగెత్తడం రెండుసార్లు చూపించారు. ఇంక వాదించడానికేముంది? డెనీస్ హోరెస్ వైపు చూసింది. అతను ఆమెకంటే కంగారుగా ఉన్నాడు.

"టీవీ కట్టెయ్ డెనీస్. వాడు లేవకముందే."

"మీరన్నదే జరిగింది కదా. ఇచ్చేయాలన్నారుగా మొదట."

"ఏడ్చినట్టే ఉంది. వాడికి తెలిస్తే ఎలా? వాడికి బుట్ట ఎక్కడుంటుందో కూడా తెలియదమ్మా. మొదటి వారమే కనిపెట్టాను. జట్టుకి ఎంతమందని అడిగితే, అది నీ దృష్టిని బట్టి ఉంటుందన్నాడు. అయినా చూడు, వాదన కోసం మంచులో పడి వస్తాడు. అదే లేకపోతే వాడు ఇక్కడికెందుకొస్తాడు? పాపం, వాడికి ఇంకెవరున్నారు?"

ఫ్లోరా ఉంది, ముగ్గురు కూతుళ్లున్నారు, బౌలింగ్ బృందం ఉంది. డెనీస్ అదేమీ చెప్పలేదు. టీవీ కట్టేసింది. ఎల్వుడ్ కళ్లు తెరిచాడు.

"ఏమయ్యా," అన్నాడు హోరెస్ గొంతు సవరించుకుని, "నేను బాగా ఆలోచించాను. టల్లీని ఇచ్చేయాల్సిందే."

"ఇవ్వకూడదు" అన్నాడు ఎల్వుడ్.

"ఎవర్ని?" అంది వెర్లీన్. డెనీస్ ఆవిడ దుప్పటి ముక్కుమీదికి లాగి సర్దింది.

మంచు కరిగింది. జెవాన్ టల్లీ ఎక్కడో వెచ్చని ఊళ్లో కొత్త చొక్కా వేసుకుని ఆడుతున్నాడు. ఈ గదిలో మాత్రం అతన్ని ఇవ్వాలో వద్దో ఇంకా తేలలేదు. వ్యాన్ డ్రైవర్ ఇచ్చేయాలంటాడు. కౌన్సెలర్ ఉంచుకోవాలంటుంది. టీవీలో ఇప్పుడు వంటల కార్యక్రమాలే వస్తాయి. హోరెస్ ఒక్క పూట కూడా మానలేదు.

మొన్న బుధవారం డెనీస్ వంగి సూదులు తీస్తుంటే, ఎల్వుడ్ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. పక్క కుర్చీలోకి ఓరగా చూసి, గుసగుసగా అడిగాడు.

"అమ్మాయ్, టల్లీ వెళ్లిపోయాడని హోరెస్‌కి ఎవరూ చెప్పలేదు కదా?"