కుజుడు వెనక్కి నడిచిన వానాకాలం

మా ఆయనకు చుక్కలు కనిపించవని పెళ్ళయిన చాలా నెలలకు గానీ నాకు తెలియలేదు. పగటిపూట పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదివేవారు. చిన్నప్పుడు విశాఖపట్నం జిల్లాలో, వాళ్ళ ఊళ్ళో, అమ్మవారు పోసి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది మిగిలింది కానీ దూరం ఆనేది కాదు. ఎదురొచ్చే మనిషిని నడక చప్పుడుతోనో గొంతుతోనో పోల్చుకునేవారు. ఓడెక్కి ఈ దేశం వచ్చాక, తోటపనికి పనికిరాడని కూలీల మీద మేస్త్రీగా ఉండే కంగాణి పక్కన పెడితే, చదువు వచ్చినవాడు కనుక దొర తోట బడికి మేష్టారుగా వేశాడు.

నేను ఆ తోటలోనే పెరిగినదాన్ని. తెలుక్ ఆన్సన్‌కు దిగువన, పేరాక్ నది పక్కన ఉండేది మా రబ్బరు తోట. ఆ ఊరిని ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు. మా అమ్మతోపాటు చెట్లకు గీత పెట్టి పాలు దించే పని నాది. నా చదువు ఏదైనా ఉందంటే అది పెళ్ళయ్యాక ఆయన నేర్పినదే.

ఒకరోజు సాయంత్రం వాన వెలిసింది. కూలీల లైను ఇంటి అరుగు మీద కూర్చుని, ఈవేళ చుక్కలెంత బాగా పొడిచాయో అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. చుక్కంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు, చంద్రుడు మాత్రం తెల్లటి మరకలా తెలుస్తాడు అన్నారు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పారు. ఆ పూటకు మాట మార్చేశాను.

ఆయన దగ్గర ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది, ఊరు విడిచి వెళ్ళిపోతూ తోట గుమాస్తా ఒకాయన ఇచ్చింది. గ్రహాల నడకను మనుషులు ఎలా తెలుసుకున్నారో అందులో ఉంది. అన్నం తింటూ అది కొంచెం కొంచెంగా నాకు చెప్పేవారు. భూమి కదలదని, సూర్యుడూ గ్రహాలూ దాని చుట్టూ తిరుగుతాయని వెనకటివాళ్ళు అనుకున్నారట. మరి గ్రహాలు కొన్నాళ్ళు ముందుకు పోయి, కొన్నాళ్ళు వెనక్కి వస్తాయి కదా. దానికి సమాధానం కుదరక చక్రం మీద చక్రం బిగించి లెక్క కట్టుకున్నారట.

నిజంగా వెనక్కి నడుస్తాయా అని అడిగాను.

"పంచాంగంలో వక్రమని రాసున్నాది. పుస్తకంలోనూ ఉన్నాది. సూసినోల్ని మాత్రం నానెవుల్నీ ఎరగను," అన్నారు. "కుజుడు ఇప్పుడు పిల్లలకోడి దాపుల్లో ఉండాల. నువ్వు సూసి సెప్తావేటి?" అని అడిగారు.

అంతకుముందు ఆయన నన్ను ఏదీ అలా అడగలేదు. చూస్తానన్నాను.

తోటలో తెల్లవారకముందే పెరట్టు ఉండేది. జనాన్ని వరసగా నిలబెట్టి, వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ చూసుకుని, ఎవరికే వరస చెట్లో చెప్పి పంపేవారు. పెరట్టు గంట కొట్టేలోపు నాకు ఆకాశం చూడడానికి తీరిక దొరికేది. పిల్లలకోడి చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన చుక్కల గుంపే. దానికి అవతల ఎర్రగా ఒకటి కనిపిస్తే అదే కుజుడనుకుని చెప్పాను. ఆయన లోపలి గోడ మీద బొగ్గుతో పెద్ద చుక్క పెట్టించారు. వారం గడిచినా అది అంగుళం కదలకపోతే అనుమానం వచ్చి, మెరుస్తూ వణుకుతోందా, నిలకడగా వెలుగుతోందా అని అడిగారు. వణుకుతోందన్నాను. అది రోహిణి, కుజుడు కాదని నవ్వారు. ఎర్రటివి రెండున్నాయని నాకెవరు చెప్పారు?

ఆ తర్వాత తప్పలేదు. కుజుడు ఇంకా పెద్దగా, రెప్పవేయని కన్నులా ఉండేవాడు. చెయ్యి బారుగా చాపి, పిల్లలకోడి నుంచి ఎన్ని వేళ్ళ దూరం, రోహిణి నుంచి ఎన్ని వేళ్ళని కొలిచి, ఇంటికి రాగానే చెప్పేదాన్ని. ఆయన వేలితో తడుముకుంటూ గోడ మీద గుర్తు పెట్టేవారు. పెరట్టులో ఆడవాళ్ళు నవ్వేవారు, మేష్టారి పెళ్ళాం ఆకాశానికి గీత పెడుతోందని. కుజుడి కేసి రోజూ అలా చూడకూడదని మా అమ్మ భయపడి, నాకు తెలియకుండా నా కొంగుకు పసుపుకొమ్ము కట్టింది.

దీపావళి ముందు కొన్నాళ్ళు కుజుడు ఆగిపోయాడు. రోహిణి దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత మబ్బులు. మబ్బు విడిచిన రోజున చూస్తే పిల్లలకోడి వైపు ఒక వేలు జరిగి ఉన్నాడు. ఆ రోజు చెట్ల దగ్గర నాకు పని మీద మనసు నిలవలేదు. ఇంటికి రాగానే చెప్పాను. ఆయన బొగ్గు పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఎందుకలా వెనక్కి వస్తాడన్నది నాకు నది మీద తెలిసింది. బియ్యం, కిరసనాయిలు తేవడానికి ఇద్దరం పొగపడవలో తెలుక్ ఆన్సన్ వెళ్తున్నాం. ముందు ఒక సంపాను పడవ, బరువుతో నెమ్మదిగా, మేం పోయే వైపే పోతోంది. మా పడవ దాన్ని దాటుతున్నప్పుడు చూస్తే, అవతలి ఒడ్డున ఉన్న నీపా చెట్ల ముందు ఆ సంపాను వెనక్కి జారుతున్నట్టుంది. అందులో తెడ్డు వేస్తున్న ముసలాయన ముందుకే వేస్తున్నాడు. అది మా ఆయనకు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఇంకోసారి చెప్పమన్నారు.

అప్పుడు అర్థమయ్యేలా చెప్పారు. చలిదేశంలో చర్చిలో కొలువు చేసిన ఒకాయన, సూర్యుణ్ణి నడుమ పెట్టి భూమిని కూడా తిరిగేవాటిలో కలిపాడట. భూమిది లోపలి దారి, వేగం ఎక్కువ. కుజుడిది బయటి దారి, వేగం తక్కువ. మనం దాటిపోయేటప్పుడు వాడు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. అంతే కానీ వాడు ఎప్పుడూ వెనక్కి నడవలేదు.

అయితే ఈ భూమి కూడా ఒక పడవేనన్న ఆలోచన నన్ను వదల్లేదు. తోటలో నేల మీద నిలబడి పాలు దించుతుంటే కాలి కింద నేల పరుగెడుతోందని నమ్మడం తేలిక కాదు. నమ్మలేక, నమ్మకుండానూ ఉండలేక కొన్ని రోజులు గడిపాను.

ఆ తర్వాతే మాకు మాట పట్టింపు వచ్చింది. అప్పటికి కుజుడు సాయంత్రాలే తూర్పున వస్తున్నాడు, దీపాలు పెట్టిన కాసేపటికి బాగా కనిపించేవాడు. వచ్చిన దారినే తిరిగి వెళ్తాడని ఆయన అనుకున్నారు. నేను చూస్తే ఆ దారి కాదు. వేలెడు ఉత్తరంగా వెళ్తున్నాడు. చెప్పాను. కాదన్నారు. పొద్దున్నుంచి పనిచేసి వచ్చినదానివి, వెనకటికి రోహిణిని చూసి పొరబడినట్టే ఇప్పుడూ పొరబడ్డావన్నారు. గోడ మీద ఆయన అనుకున్న దారిలోనే గుర్తు పెట్టారు.

రోహిణి సంగతి నిజమే కనుక కాదనడానికీ లేదు. కానీ మర్నాడు చూడ్డానికి వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఆయనా అడగలేదు. రాత్రి వంట కానిచ్చి, గిన్నెలు కడుక్కుని పడుకునేదాన్ని.

మూడో రోజు సాయంత్రం ఆయన బడినుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నారు. పుస్తకంలో ఒక సంగతి రెండోసారి చదివానని చెప్పడం మొదలుపెట్టారు. ఒక దొరగారు, దుర్భిణి అనేది ఇంకా పుట్టని కాలంలో, తన దీవిలో పెద్ద పెద్ద కొలత సాధనాలు కట్టించి బతుకంతా గ్రహాలను కొలిచాడట. ఆయన పోయాక ఆ కొలతలన్నీ ఒక లెక్కల పండితుడి చేతికి వచ్చాయి. ఆ పండితుడికీ చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు చెడింది. సొంతంగా చుక్కలు కొలవలేడు. కుజుడు గుండ్రటి దారిలో తిరుగుతాడనుకుని ఏళ్ళ తరబడి లెక్క కట్టాడు. చివరికి లెక్కకూ కొలతకూ తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు తేడా. కొలిచినవాడే తప్పు కొలిచాడనుకుంటే అక్కడితో పని అయిపోయేది.

"అనుకోలేదంట," అన్నారు ఆయన. "సూసినోడు సరిగ్గానే సూసినాడని, తన లెక్కంతా పారేసినాడంట. మళ్ళీ మొదట్నుంచి."

గోడ వైపు తిరిగి, "నాను నీ మాట కాదని గోడ మీద నా మాట రాసుకున్నాను," అన్నారు.

నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. లేచి, బయటికి వెళ్ళి చూసి వచ్చాను. "మునపటి దారి కాదు. ఉత్తరానే ఉన్నాడు," అన్నాను. ఆయన తడి గుడ్డతో తన గుర్తును తుడిచి, నేను వేలు పట్టి చూపించిన చోట కొత్తది పెట్టారు. చాలా రోజులు ఆలోచించాక, భూమి దారీ కుజుడి దారీ ఒకే పలక మీద గీసినవి కావని, ఒకటి కొంచెం వాలి ఉంటుందని, అందుకే ఆ తేడా అని తేల్చారు. పుస్తకంలోనూ అలాగే ఉందట, ఇంకెక్కడో వెనక పేజీలో.

ఆ పండితుడికి చివరికి దొరికిన దారి గుండ్రం కాదు, ఒకవైపుకు సాగినది. దాన్ని మా ఆయన రెండు మేకులతో, ఒక దారపు ముడితో గోడ మీద గీసి చూపించారు. దారం బిగపట్టి బొగ్గును చుట్టూ తిప్పితే కోడిగుడ్డు అంత కాకపోయినా సాగిన గుండ్రం వచ్చింది. ఒక మేకు దగ్గర సూర్యుడట. సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు కుజుడు త్వరగా నడుస్తాడు, దూరం పోయినప్పుడు నెమ్మదిస్తాడు.

"రెండో మేకు కాడ ఏటున్నాది?" అని అడిగాను.

"ఏటీ నేదు."

"ఏటీ నేనిదాని సుట్టూ కూడా తిరగాలా మరి?"

ఆయన పుస్తకం ముక్కుకు ఆనించుకుని ఆ పేజీ మళ్ళీ చదివారు. నాకు మాత్రం ఆ ఖాళీ చోటు మీదే మనసు నిలిచింది. ఎవరూ లేని ఆ చోటు లేకపోతే దారి ఆ రూపాన ఉండదు. అంతకు మించి ఏం అనుకోవాలో ఇప్పటికీ తెలియదు.

కుజుడు పిల్లలకోడిని వెనక్కి దాటి, మళ్ళీ ఆగి, మళ్ళీ తూర్పుకు తిరిగాక ఆయన బడిలో ఆ పాఠం చెప్పారు. నన్ను కూడా రమ్మన్నారు. పాల వాసన కొట్టే చీరతోనే వెళ్ళి పిల్లల ముందు నిలబడి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన బల్ల దగ్గర తల వంచుకుని, పిల్లలకంటే శ్రద్ధగా విన్నారు.

రెండేళ్ళు దాటాక కుజుడు మళ్ళీ వెనక్కి నడిచే కాలం వచ్చింది. అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. ఆ ఏడు నది పొంగి లైను ఇళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, ఆకాశం కనిపించిన రాత్రులు తక్కువ. ఒకసారి ఆయన, చూశావా అని అడిగారు. మబ్బేసింది, కనిపించలేదన్నాను. సరేనని చాప నా వైపు జరిపారు. ఆ మబ్బుల వెనక ఈపాటికి వాడెక్కడ తిరిగాడో ఇద్దరం కాసేపు మాట్లాడుకుని, వాన చప్పుడు వింటూ పడుకున్నాం.