నాయన పాలగ్లాసు మీద నేను కన్నేయలేదు

గుండెల్లో మంటకు పాలు మందు కాదని నేను మొదట చెప్పి అరవై ఏళ్లు దాటింది. ఆనాడు ఎవరూ వినలేదు, ఈనాటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. పోయిన వారం కడపలో అక్క ఇంట్లో జరిగింది చూశాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను. భోజనమయ్యాక అక్క ఛాతీ రుద్దుకుంటుంటే మనవరాలు చల్లని పాలు తెచ్చింది. తొంభై దాటిన మా అక్క ఆ గ్లాసును పక్కకు నెట్టి, "పాలొద్దులేమ్మా, తాగినప్పుడు సల్లగుంటాది, కాసేపటికి మళ్లా ఎత్తుకుంటాది" అంది. ఆ మాట నాది. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

యాభైల్లో మాది కోసిగి దగ్గరి పల్లె. అమ్మ చనిపోయిన ఏడాది అక్క అత్తగారింటి నుంచి వచ్చి వంటిల్లు చూసుకునేది. నాకు పక్క ఊరి బడిలో కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చింది. నాయన పొద్దుగూకే వేళకు చేను నుంచి వచ్చి, జొన్నరొట్టెలు ఎర్రటి చెనక్కాయల కారంతో తిని, గుండెల్లో మంటకని అక్క ఇచ్చిన గ్లాసెడు పాలు తాగి, వెంటనే నులకమంచం మీద వాలేవాడు. ఉన్న ఒక్క బర్రె పాలలో ఆ గ్లాసు నాయనది, మాకు మజ్జిగ. పాలు గొంతు దిగగానే నాయన మొహం తేటపడేది, అది చూసి అక్క మొహం అంతకంటే తేటపడేది. నేను మాత్రం పది రోజులు వరసగా గమనించాను. అరగంట గడిచేసరికి నాయన లేచి కూర్చుని పులితేన్పులతో అవస్థ పడేవాడు. బెల్లం ముక్క, సోంపు, వంటసోడా అన్నీ అయ్యాయి. సోడాకు ఒక పెద్ద తేన్పు వచ్చి కాస్త హాయిగా ఉండేదేమో, అంతే.

పాలు తాగినప్పుడు చల్లగా ఉన్నా కాసేపటికి మంట మళ్లీ ఎత్తుకుంటుందని, పాలు ఆపి, కారం తగ్గించి, తిన్నాక కాసేపు కూర్చోమని ఒకరోజు నాయనకు చెప్పాను. అప్పుడు వంటింట్లో పొరుగు ఆడవాళ్లున్నారు. అక్క రొట్టె తట్టడం ఆపకుండానే, "ఏమప్పా పంతులూ, నాయన తాగే గ్లాసెడు పాలమీద గూడా కన్నేసినావా? నీకూ కావల్లంటే అడుగు, పోస్తా" అంది. అందరూ నవ్వారు. నాయన గ్లాసెత్తి తాగేశాడు. వాళ్ల నవ్వు కంటే అదే నాకు ఎక్కువగా తగిలింది. ఆ రోజు నుంచి నేను పాలు ముట్టలేదు.

ఎండాకాలంలో బర్రె వట్టిపోయింది. ఉక్కకు లోపల పడుకోలేక నాయన తిన్నాక వీధి అరుగు మీద కూర్చుని కబుర్లలో పడేవాడు. మంట తగ్గింది. తగ్గించిన పేరు మాత్రం అక్క కాచిన జీలకర్ర నీళ్లకు దక్కింది. బర్రె మళ్లీ ఈనింది, పాలు మొదలయ్యాయి, మంటా మొదలైంది. నాయన ఉన్నన్నాళ్లూ దానితోనే ఉన్నాడు.

పోయిన వారం అక్క ఆ గ్లాసును నా ముందుకు జరిపి, పారబోయడమెందుకు, తాగమంది. ఇన్నేళ్లుగా నేను ముట్టడం లేదని ఆమె చూడనే లేదు. పాల సంగతి ఎవరు చెప్పారని అడిగాను. "నాయనే చెప్పె, కడాకు మంచాన పడినప్పుడు. 'నువ్వు ప్రేమగా ఇస్తాంటివని తాగితిని గాని, తాగినంక మళ్లా ఎత్తుకుంటాండె' అని" అంది.

అంటే నాయన నా మాట విన్నాడు. ఇప్పుడు ప్రతి ఇంటికీ పొద్దున్నే పాల ప్యాకెట్టు వస్తుంది, ఎవరి గ్లాసు మీదా ఎవరూ కన్నేయనక్కర్లేదు. ఆ వంటింట్లో నవ్విన వాళ్లూ లేరు. మిగిలింది మనిద్దరమే. అక్కా, నాయనకు ఆ మాట మొదట చెప్పిందెవరు? జవాబు చెప్పు, అప్పుడు తాగుతాను.