ఆరో వేలు

ఎవరి వీడియో ఎవరి కంప్యూటర్లో మొరాయించినా జనం పరుగెత్తుకొచ్చేది మార్పిడి అక్క దగ్గరికే. మందుల దుకాణం పైగదిలో ఆవిడకు రెండు రకాల కంప్యూటర్లున్నాయి. దీని పద్ధతి దానికి గిట్టదు, తోడికోడళ్లే అనుకోండి. ఒకదాంట్లో తయారైన వీడియోను రెండోదానికి తెలిసిన కోడెక్‌లోకి, అంటే వీడియోను సర్ది దాచే మరో పద్ధతిలోకి, మార్చడం ఆవిడ పని. మార్చాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముందు చివరి నిమిషమే వింటుంది. బొమ్మకూ మాటకూ పొత్తు చెడితే అక్కడే బయటపడుతుంది. ఆరంభశూరత్వం మనుషులకే కాదు, ఫైళ్లకూ ఉంటుందని ఆవిడ సిద్ధాంతం.

ఆ ఉదయం పదిన్నరకు ఆవిడ తమ్ముడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. అతనికి పుట్టుకతో వినపడదు, సైగలతో మాట్లాడతాడు. అతని వేళ్ల ముందు ఏ వాగుడుకాయా నిలవలేడు. అక్కకు మాత్రం ఆ భాష సగమే వచ్చు. పెదాలు కదిపితే తమ్ముడికి తెలిసిపోతుంది కదా అని బద్ధకించింది.

ఒక టీవీ ఛానెల్ వార్తలను సైగల్లో చెప్పే మనిషి కోసం వెతుకుతోంది. ఆ ఉద్యోగం కోసం తమ్ముడు పది నిమిషాల వార్తలు సైగల్లో చెప్పాడు, అక్క గొంతు కలిపింది. పంపిన ఫైలు అక్కడ తెరుచుకోలేదు.

"మాకు నల్ల తెరే కనిపిస్తోందండీ. మా కోడెక్‌లో, సెకనుకి పాతిక ఫ్రేములతో పన్నెండులోపు పంపండి. ఆ తర్వాత వచ్చినవి చూడం" అన్నాడు ఫోన్లో ఛానెల్ ఇంజనీరు.

తమ్ముడి కెమెరా సెకనుకు యాభై ఫ్రేములు, అంటే యాభై విడి బొమ్మలు, తీసింది. అదేం బ్రహ్మవిద్యా! అక్క మీటలు టకటకలాడించింది. ఇరవై నిమిషాల్లో మార్పిడి పూర్తయింది. చివరి నిమిషం వింది. తన ఆఖరి మాటా, తమ్ముడు చేతులు దించడమూ ఒక్కసారే జరిగాయి. "అదిరింది, పంపేస్తున్నా" అంది.

తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. వీడియోను ఒకచోట నిలిపి, తెర మీది తన చేతిని చూపించాడు.

"లెక్కపెట్టు" అన్నాడు సైగతో.

ఆరు వేళ్లున్నాయి! ఆరోది పల్చగా, దయ్యం వేలులా ఉంది. రెండేసి ఫ్రేములను కలిపి ఒకటి చేసే గడిలో టిక్కు ఉండిపోయింది. డ్యాన్సు వీడియోలు నున్నగా కనబడతాయని ఆవిడ దాన్ని ఎప్పుడూ తియ్యదు.

"నాకు నత్తి వచ్చినట్టుంది. నువ్వు చెవులతో చూస్తావా అక్కా?" అన్నాడు తమ్ముడు, చేతులు విసురుతూ.

ఆవిడకు సిగ్గేసింది. తమ్ముడి మాటంతా ఉన్నది వేళ్లలోనైతే, తను సరిచూసుకున్నది తన గొంతును! కానీ కూర్చుని ఏడవడానికి టైమెక్కడుంది? టిక్కు తీసేసింది. ఒక ఫ్రేము వదిలి ఒకటి, కలపకుండా, ఉన్నదున్నట్టు తీసుకోమని కంప్యూటర్‌కు చెప్పింది. పదకొండు ఇరవై ఎనిమిదికి ఫైలు సిద్ధమైంది. ఈసారి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసి, మొదట్నుంచీ చివరిదాకా చూసింది. ఏం చేతులవి! వాన పడుతుంది, వంతెన కూలుతుంది, మంత్రి నసుగుతాడు! ఇన్నేళ్లూ పక్కనే ఉన్న ఈ మాటకారిని తను ఇవాళే విన్నట్టనిపించింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా ఫైలు వెళ్లింది. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"రేపట్నుంచే రమ్మనండి" అన్నాడు ఇంజనీరు.

తమ్ముడు అక్క పెదాలకేసి చూశాడు. ఆవిడ పెదాలు కదపలేదు. ఫోన్ పెట్టేసి, చేతులు పైకెత్తి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ సైగ చేసింది.

"ఉద్యోగం నీదే."

ఒక వేలు తప్పుగా మడిచింది. తమ్ముడు ముందు ఆ వేలు సరిచేశాడు. తర్వాత ఎగిరి గంతేశాడు.