కోళ్ళకి వెలుగు, కొండకి చీకటి

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నాను. కొండమీద నక్షత్రాలు చూసే పరిశోధన కేంద్రం పెద్దసారు ఓ సాయంత్రం వీధి చివర నన్ను ఆపి, "ఆ షెడ్డులో చీకటి పడ్డాక కూడా దీపాలెందుకు బాబూ?" అని అడిగాడు.

"కోళ్ళకి చీకటంటే భయం సార్. లైటార్పితే ఏడుస్తాయి" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నమ్మేశాడు! కోళ్ళ గారాబం కోసం దేశం పరిశోధన ఆగాలా అనుకున్నాడో ఏమో, సోమవారం నుంచి పొద్దుగూకగానే దీపాలు ఆర్పెయ్యాలని మర్నాడే కబురొచ్చింది.

ఆ షెడ్డు మా మేనత్తది. ఊరంతా గుడ్లత్త అంటారు. కబురు వినగానే ఆవిడ దాణా బస్తా మీద చతికిలబడింది. చలికాలంలో పగలు కురచ. దీపాలతో పొద్దు పొడిగిస్తేనే పెట్టలు గుడ్లు పెడతాయి, లేకపోతే మానేస్తాయి. మామయ్య నడుం పట్టేసి లారీ తోలడం మానేసినప్పటి నుంచి ఇల్లు నడుస్తున్నది ఆ గుడ్ల మీదే.

విడ్డూరం ఏమిటంటే, ఆ కేంద్రం కట్టేటప్పుడు ఇసుక మోసిన వాళ్ళలో అత్త కూడా ఉంది. అప్పట్లో ఊళ్ళో కరెంటు అంతంత మాత్రం. కేంద్రం వాళ్ళు దేశమంతా వెతికి, ఆ చీకటి నచ్చే ఇక్కడికొచ్చారట. అంతకు మించి మా ఊరికి ఏ అర్హతా లేదు లెండి. అత్త ఆ కొండ ఎక్కీ దిగీ, ఆ కూలితోనే మొదటి కోడిపిల్లల్ని కొంది. పైన దుర్భిణీ, కింద షెడ్డూ, రెండూ ఆవిడ నెత్తి మీదుగా లేచినవే.

"పద అత్తా, వాళ్ళని నాలుగు దులిపేసి వద్దాం" అన్నాను.

"నోర్ముయ్యి. నీ నోరు ఒక్కసారి తెరిస్తేనే కొంప మునిగింది" అని, కొంగు దోపుకుని ఒక్కతే కొండెక్కింది. నేను వెనకే నక్కుతూ వెళ్ళాను.

పెద్దసారు కుర్చీ చూపించాడు. అత్త కూర్చోలేదు.

"మీకు చీకటి కావాలి, నా కోళ్ళకి వెలుగు కావాలి. వెలుగు లేకపోతే గుడ్లు పెట్టవు. మరేం చెయ్యమంటారు?"

"భయమని చెప్పాడే ఆ కుర్రాడు!"

"వాడా! నా మేనల్లుడు లెండి. వాడి మాట మా కోళ్ళు కూడా నమ్మవు."

పెద్దసారు ఫక్కున నవ్వాడు. "వెలుగు కిందకే పడితే మాకు ఇబ్బంది లేదమ్మా. పైకీ పక్కలకీ పోకపోతే చాలు."

"ఆ ముక్క ముందే అనొచ్చుగా, ఆర్పెయ్యమనే బదులు!"

కొట్టు నుంచి ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి, మూతలు కోసి, అడుగున వైరు పట్టేంత కన్నం పెట్టి బల్బుల మీద బోర్లించాం. కోసింది నేనే, వేలు తెగింది కూడా నాదే. తీరా చూస్తే కోళ్ళు ఆ డబ్బాలకి హడలిపోయి మూలకి నక్కాయి. మర్నాడు ట్రేలు సగం ఖాళీ. ఆ సాయంత్రం నుంచి అత్త పీట వేసుకుని వాటి మధ్యే కూర్చుని చిక్కుళ్ళు వలిచింది. "ఏమర్రా, అది నూనె డబ్బా, పిల్లి కాదు" అని బుజ్జగించింది. మెల్లగా అవి బెదురు మాని మేతకొచ్చాయి. ట్రేలు మళ్ళీ నిండాయి.

పెద్దసారు కొండ దిగొచ్చాడు. "పైనుంచి చూస్తే మీ షెడ్డు ఎక్కడుందో తెలియడం లేదమ్మా!"

"నేను కనపడకపోయినా పర్లేదు బాబూ, గుడ్లు కనపడితే చాలు."

ఆయన వెళ్ళాక ఛాతీ విరుచుకుని అన్నాను: "చూశావా అత్తా! నేనా అబద్ధం ఆడబట్టే కదా ఇంత మంచి జరిగింది? సగం గొప్ప నాదే."

అత్త ట్రే మీంచి తల ఎత్తనైనా లేదు.

"నా పెట్టలు గుడ్డు పెట్టాక అరుస్తాయిరా. నువ్వు పెట్టకుండానే అరుస్తున్నావు."