పదో నంబరు నేనే పలికాను

మొన్న ఇక్కడ అమెరికాలో, మా హెర్న్‌డన్‌లో మంచు కురిసి బడికి సెలవిచ్చేసరికి, మా మనవరాలు దుప్పటి కప్పుకుని నా పక్కన చేరి, పాతకాలపు ధ్రువయాత్రల మీద క్లాసులో చేయాల్సిన ప్రాజెక్ట్ ఐప్యాడ్‌లో చూపిస్తూ, "తాతా, నువ్వు అక్కడ వెళ్లావ్ కదా, మీ లీడర్ నైసేనా?" అని అడిగింది. చాలా మంచివాడమ్మా అని ముడుచుకుని కిటికీ వైపు తిరిగాను. పాపం నాకు చలేస్తోందనుకుని తన దుప్పటి సగం నా మీద కప్పింది.

మన దేశం దక్షిణ ధ్రువం వైపు మనుషుల్ని పంపడం మొదలుపెట్టిన తొలి రోజులవి. నాకప్పుడు పాతికేళ్లు, వైర్‌లెస్ సెట్టు చూసుకునే పని. పధ్నాలుగు మందిమి, ఒక చెక్క గుడిసె, దానికి కాస్త దూరంలో జనరేటర్ షెడ్డు, మిగతాదంతా తెలుపే. ఆవకాయ జాడీలో నూనె గడ్డకట్టి గరిటె విరిగిందంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోయారు గానీ, ఆ గరిటె కోసం మా వంటాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా లీడర్ గారు సైన్యంలో చేసి వచ్చిన మనిషి, మితభాషి, అందరూ తిన్నాకే కంచం ముందు కూర్చునేవారు. ఆయన పెట్టిన నియమాలు రెండే: చెప్పకుండా ఎవరూ గడప దాటకూడదు, రోజూ సాయంత్రం భోజనానికి ముందు ఎవరి నంబరు వాళ్లు పలకాలి. నాది తొమ్మిది. పది మెకానిక్ అన్నయ్యది. శ్రీకాకుళం మనిషి, అంత దూరంలో నాకు తెలుగు మాట్లాడే తోడు ఆయనొక్కడే, అందుకని సొంత అన్న కంటే ఎక్కువ.

అన్నయ్య పొద్దంతా ఆ జనరేటర్‌తో కుస్తీ పట్టి సాయంత్రానికి పక్క గదిలో మంచమెక్కేవాడు, నా నంబరు కూడా నువ్వే పలికెయ్యరా తమ్ముడూ అనేవాడు. మన కాలేజీ రోజుల్లో ప్రాక్సీ పలకని మొనగాడెవడు చెప్పండి? స్నేహితుడి కోసం గొంతు మార్చి హాజరు చెప్పడం అప్పట్లో మనకు తప్పు కాదు, ఘనకార్యం! నేనూ తొమ్మిదని, వెంటనే గొంతు బొంగురు చేసి పదని పలికేవాణ్ణి. లీడర్ గారు కాగితం మీదికి తలొంచుకుని టిక్కులు పెట్టుకునేవారు.

ఒక సాయంత్రం మంచుతుఫాను మధ్యలో కరెంటు పోయింది. లీడర్ గారు చీకట్లోనే నంబర్లు పలకమంటే, అన్నయ్య గురక పెడుతున్నాడనుకుని అలవాటు కొద్దీ రెండూ నేనే పలికాను. అందరూ ఉన్నారని ఆయన తలుపు గడియ వేయించారు. అన్నయ్యేమో ఒక్క నిమిషంలో జనరేటర్ చూసొద్దామని ఎవరికీ చెప్పకుండా అప్పటికే బయటికెళ్లాడు. గంట తర్వాత తుఫాను కాస్త నెమ్మదించాక, జనరేటర్ చూడమనడానికి మెకానిక్‌ని లేపమన్నారు. మంచం ఖాళీ. నేను వెళ్తానని లేస్తే లీడర్ గారు నన్ను పక్కకు తోసి, నడుముకు తాడు కట్టుకుని తనే వెళ్లారు. షెడ్డుకూ గుడిసెకూ మధ్య దారి తప్పి మంచులో ముడుచుకుపోయి దొరికాడు అన్నయ్య. ప్రాణం దక్కింది, కుడిచేతి నాలుగు వేళ్లు దక్కలేదు. మెకానిక్‌కి కుడిచెయ్యి, ఇంకేం చెప్పను!

అందరినీ కూర్చోబెట్టి, లెక్క తప్పింది నేనే అన్నారు లీడర్ గారు. నేను నోరు తెరవలేదు. మర్నాడు నేను పొయ్యి మీద మంచు కరిగిస్తుంటే నా పక్కకొచ్చి, "పదో గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఇంకా ఆరు నెలల చలి ఉంది, వీళ్లంతా నీతో ఒకే కప్పు కింద బతకాలి. ఊరుకుని పని చూసుకో" అని హిందీలో మెల్లగా చెప్పి వెళ్లిపోయారు. ఆనాటి నుంచి ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టేవారు. నా భుజాన్నీ అందరిదీ తట్టినట్టే తట్టేవారు. చెంప మీద రెండు తగిలించినా బాగుండేది.

అన్నయ్యకు అనుమానం రాకపోలేదు. నేను కట్టు మారుస్తుంటే, ఆ రోజు నా నంబరు నువ్వు పలకలేదు కదరా అని అడిగాడు. లేదన్నయ్యా అన్నాను. నమ్మాడు. అక్కడున్నన్నాళ్లూ లీడర్ గారి ఆజ్ఞ అని సరిపెట్టుకున్నాను సరే, ఓడ దిగాక నాకేం రోగం? ఆయన రిపోర్టులోనూ తప్పు తనదేనని రాసుకున్నారు, ఆ పైన ఆయనకు మళ్లీ ఏ యాత్రా అప్పగించలేదు. నేను మాత్రం సన్మానాలు చేయించుకుని, ఆ పేరుతోనే మంచి ఉద్యోగం సంపాదించి, తర్వాత కంప్యూటర్లంటూ ఇటొచ్చి పడ్డాను. అన్నయ్యకు నిజం చెబుతూ ఉత్తరం రాద్దాం, ఇండియా వెళ్లినప్పుడు కలుద్దాం అనుకుంటూనే నలభై ఏళ్లు దాటించాను. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు.

కిందటి నెల లీడర్ గారు పోయారని మా పాతవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. తలా ఒక మంచి మాట పెట్టారు. అన్నయ్య కూడా పెట్టాడు, ఎడమచేత్తో కొట్టాడు కాబోలు, అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. మంచి మనిషే గానీ, ఆ ఒక్కరోజు లెక్క సరిగ్గా చూసుంటే నా చెయ్యి నాకుండేదని రాశాడు. దాని కింద నేను దండం బొమ్మ పెట్టాను. సిగ్గుండాలి నాకు!

ఆ రోజుల్లో మంచుఖండం నుంచి ఇంటికి ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేది, చెప్పే వీల్లేకపోయిందంటే ఎవరైనా నమ్మేవారు. ఇప్పుడా సాకు కూడా లేదు, వేలు కదిపితే నిజం క్షణంలో శ్రీకాకుళం చేరుతుంది. నాకు పది వేళ్లూ ఉన్నాయి. ఇంకా పంపలేదు.